మా ఇంటి వంతు

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున, సరిగ్గా మిల్లు సంగు ఊదే వేళకు. ఆ కూత వినగానే లేచి పరుగెత్తడం నా కాళ్లకు అలవాటు. ఆ రోజూ లేచాను. ఎక్కడికి పోవాలో తోచక మళ్లీ ఆమె పక్కనే కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు.

మీరెవరూ ఆమెను ఎరిగి ఉండరు. రాజపాళయంలో దూది నుంచి గింజలు తీసే కొట్టంలో చెత్త ఏరే ఆడవాళ్లలో ఒకరు. ఇంటికొచ్చి ఎంత దులుపుకొన్నా తలలో, వేళ్ల సందుల్లో దూది మిగిలేది. చివరికి ప్రాణం తీసిన దగ్గు కూడా ఆ దూది పెట్టిందే.

మా చిన్న వేదకోయిల్లో, అంటే మా చర్చిలో, ఒక ఆచారం ఉంది. ఆదివారం పాఠం వారానికొక ఇంటివాళ్లు చదవాలి. మా ఇంటి వంతు నా భర్త చదివేవాడు. మిల్లు పెట్టిన కొత్తల్లో ఆయన జ్వరంతో పోయాడు. మిగిలిన మా అత్తాకోడళ్లకు అక్షరం ముక్క రాదు. పైగా మేం మాట్లాడేది తెలుగు, కోయిల్లో పుస్తకం అరవం. అక్కడ ప్రార్థన నడిపించే ఉపదేశియార్ జాలిపడి ఇంటికొచ్చాడు.

"మీ వంతు పక్కింటోళ్లకు ఇచ్చేస్తాము పెద్దమ్మా."

"వద్దయ్యా. నా కొడుకు పోయినాడు, ఇల్లు పోలేదు. మా వంతు మేమే చదువుతాము" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. పగలంతా నిలబడి నూలు చుట్టి వస్తున్నాను, ఇంకో బరువు నెత్తికెత్తుకోవడం ఎందుకు? "ఈ వయసులో చదువు ఎట్ల వస్తాదత్తా, ఊరికే ఉండరాదా" అన్నాను.

"దేవుడు నన్నింకా తయారు చేస్తానే ఉండాడమ్మాయీ. ఆయనే చాలించలేదు, నేనెట్ల చాలించేది?"

ఉపదేశియార్ దగ్గరే అరవ అక్షరాలు దిద్దింది. గంజి తాగే విరామంలో కొట్టం నేల మీద వేలితో రాసుకునేది. తోటివాళ్లు నవ్వితే తనూ నవ్వేది.

ఆమె మొదటిసారి చదవడానికి లేచినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగు మాటలకే ఆగిపోయింది. అది చిన్నప్పటి నుంచీ వింటున్న కథే, ఆమెకు కంఠతా వచ్చు. అందుకని పుస్తకం మీద చూపు పెట్టుకునే తెలుగులో గడగడా చెప్పేసింది. అందరూ తలలూపారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. అంతలో తనే ఆగింది.

"కాదు. ఇది నాకు తెలిసింది. ఇక్కడ రాసుండేది చదవలేదు నేను" అంటూ వేలును మళ్లీ ఆ ఆగిన మాట కిందికి తెచ్చింది.

ఉపదేశియార్ అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కొంచెం ఉండయ్యా, వస్తాది." బయట బండ్ల చప్పుడు వింటూ అందరం కూర్చున్నాం. చివరికి ఆ మాట వచ్చింది, తప్పుగా. మళ్లీ చూసింది. ఈసారి సరిగ్గా వచ్చింది. అప్పటి నుంచి మా కోయిల్లో చదివేవాళ్లకు ఎవరూ మాట అందించరు.

యుద్ధం వచ్చింది, బియ్యం కరువైంది, కంబు అనే సజ్జల గంజితో ఏళ్లు ఈడ్చాం. ఆమె చదువు ఏనాడూ గడగడా సాగలేదు, ఆ మాట దాచను. కానీ పోయిన వంతుకు ఆగిన చోట ఈ వంతుకు ఆగేది కాదు. "చూస్తివా, కొత్త చోట చిక్కుకున్నాను" అని ఇంటికొచ్చే దారంతా మురిసిపోయేది.

ఆమె పోరు పడలేక నేనూ నేర్చుకున్నాను. కళ్లు మూతలు పడుతుంటే ఒక్క మాట చదివి పడుకోమనేది. "అలుపు నిజమే. ఒక మాటకు చాలేంత బలం అడుగు, ఇస్తాడు." విసుక్కుంటూనే అడిగేదాన్ని. ఆ ఒక్క మాటకు మాత్రం ఎప్పుడూ సరిపోయేది. ఆమెకు ఎంత రుణపడ్డానో బతికుండగా చెప్పలేదు.

నిన్న ఆదివారం మా ఇంటి వంతు. "ఈ వారం పక్కింటోళ్లు చదువుతారులే తాయీ" అన్నాడు ఉపదేశియార్. "వద్దయ్యా" అనేశాను.

ఒళ్లంతా నొప్పులతోనే లేచి, అత్త చదివే పుస్తకం తెరిచాను. వరుసల కింద ఆమె వేలు పాకిన మరకలు. ఆగిన ప్రతి చోటా మరక ముదురుగా ఉంది. పేజీల నడుమ సన్నటి దూది పోగు ఒకటి. ముదురు మరక ఉన్న ఒక మాట దగ్గర నేనూ చిక్కుకున్నాను. నా వేలు అక్కడే ఆనించాను. ఎవరూ అందించలేదు. అందరూ కూర్చునే ఉన్నారు.