పిక్కలా కోసి చూసిన చెప్పులు

మా మనవరాలు జయ ఫోనులో పెద్ద కంపెనీ చెప్పులు తెప్పించింది. వాటికి పట్టీ లేదు, మడమ ఎత్తు లేదు, ముందు ఒక చిన్న ముడి. ఆ ధరకి పాడి మేక వస్తుంది.

"మీ మామ్మ మంచివంటేనే ఉంచు. నేదంటే సాయంత్రానికి తిప్పి పంపీ" అన్నాడు మా అబ్బాయి.

"ఇది తోలేనేటే? నోపల అట్టముక్క పెట్టాడేమో, ఎవుడు సూసొచ్చాడు?" అన్నాను జయతో.

"అనుమానమైతే నువ్వే సూడు మామ్మా" అంది.

మా పలాసలో జీడిపిక్కలు కొనేవాళ్లు నాలుగు పిక్కలు కోసి చూడనిదే బస్తా ముట్టరు. నేనూ అదే చేశాను. చేతికందిన కత్తితో చెప్పు అడుగు అంచు కోశాను. లోపలంతా తోలే.

"సరుకు మంచిదేనే" అన్నాను.

"మంచిదే గానీ, కోసింది ఆళ్లు ఎనక్కి తీసుకోరు మామ్మా."

ఆ మాట ముందే చెప్పొచ్చు కదా. కొత్త చెప్పు కోసేస్తే ఏడవాల్సిన పిల్ల నవ్వుతోంది. వంటింట్లో ఉండాల్సిన కత్తి చెప్పుల పక్కకి ఎలా వచ్చింది? నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే, ఇంకా నవ్వు ఆపలేదు. నా అనుమానం తప్పంటారా?