శ్రీమతి అడిగిన వంతు

కోయంబత్తూరు దగ్గర కారమడై పక్కన కరివేపాకు తోటలో ఉండే వరదరాజ ఇంటికి వైఫై వచ్చిన రోజున దానికి అచ్చంగా బావి మర్యాదే జరిగింది. ఆ ఇంటి బావి పొత్తుది. పొద్దున పూట అన్న వరదరాజ మోటారు వేసి కరివేపాకుకు నీళ్లు కట్టుకుంటాడు. పొద్దు వాలాక తమ్ముడు బాలాజి అరటికి కట్టుకుంటాడు. తాతల నాటి ఏర్పాటు. దాన్ని వాళ్లు మురై అంటారు, మనం వంతు అంటాం. నెలకు ఇంత డేటా, అది దాటితే వేగం పడిపోతుంది అని కంపెనీ మనిషి చెప్పగానే వరదరాజకు సంగతి ఇట్టే బోధపడింది. ఊట తక్కువ బావి అన్నమాట. వెంటనే వంతులు పెట్టేశాడు. పొద్దున తనది, సాయంత్రం బాలాజిది.

వైఫైకి వంతులేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి. అసలు చోద్యం అది కాదు. బావి దగ్గర తన వంతులో వాడుకోని నీళ్లు పోయినట్టే, అవతలివాడికి ఊరుతాయి. అందుకని వంతుగలవాడు అవసరమున్నా లేకున్నా మోటారు ఆపడు. వైఫైకీ అదే బుద్ధి పట్టింది. వరదరాజ కళ్లం దగ్గర ఉంటాడు, ఇంట్లో పెద్ద టీవీలో భక్తి చానెల్ దానంతటది పాడుతూ ఉంటుంది. బాలాజి భోంచేసి కునుకు తీస్తాడు, సినిమా నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా ఆపబోతే, "ఏంటికి నిలిపేది? నా మురై కదా" అంటారు. నెల సగం తిరక్కుండానే డేటా అడుగంటిపోయేది. మిగతా సగం నెల ఒక ఫొటో తెరుచుకోవాలన్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆ అన్నదమ్ముల మధ్య పుట్టిన ఆడపిల్ల శ్రీమతి. తండ్రి పోయాక పొలంలో ఆమెకు ఎవరూ భాగం పెట్టలేదు గనక బావిలో వంతు లేదు, బావిలో లేదు గనక వైఫైలోనూ లేదు.

శ్రీమతి సంగతి కొంచెం చెప్పాలి. కోయంబత్తూరు పీలమేడు కాలేజీకి రోజూ బస్సు మీద పోయి వచ్చి ఎం.కామ్. చదివింది. చదువంతా తమిళంలో, ఇంగ్లీషులో. తెలుగు నోటిదే తప్ప చేతిది కాదు. ఎవరైనా ఒక మాట తేలిగ్గా అంటే రెండు మాటలు బరువుగా తిరిగిచ్చే మనిషి. మదురైలో మిల్లున్న ఇంటికి ఇచ్చారు. మొగుడికి చెయ్యి చేసుకునే అలవాటు. రెండోసారి అతని చెయ్యి లేచినప్పుడు ఈమె చెయ్యీ లేచింది. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకుని కోయంబత్తూరు బస్సెక్కింది. పుట్టింట్లో ఎవరూ పొమ్మనలేదు, అలాగని ఎవరూ రమ్మన్నదీ లేదు. అన్నం పెట్టారు, మూల గది ఇచ్చారు. ఆ అన్నం గొంతు దిగడానికి ఆమెకు చాలా కాలం పట్టింది.

కోయంబత్తూరు గాంధీపురంలో గోవిందరాజన్ అనే ఆయన ట్యూషన్ సెంటర్ నడుపుతాడు. ప్లస్ టూ పిల్లలకు సాయంత్రం పూట వీడియోలో అకౌంట్స్ చెప్పే పని ఆయన శ్రీమతికి ఇచ్చాడు. ఆ మూల గదిలో గోడకు నల్లబల్ల తగిలించుకుని పాఠం మొదలుపెట్టిన రోజు నుంచే ఆమెకు ఇంట్లో తిండి తిండిలా రుచించింది. ఆ పని ఉన్నంతవరకు ఆమె ఎవరి దయా కాదు. అది పోతే మళ్లీ మూల గది మనిషే. ఈ మాట ఆమెకు బాగా తెలుసు.

బాలాజి వంతులో, అతని మంచితనం మీద, పాఠాలు కొన్నాళ్లు నడిచాయి. తరవాత నెల సగానికే డేటా అయిపోవడంతో బొమ్మ బిగుసుకుపోవడం మొదలైంది. శ్రీమతి తరుగుదల లెక్క చెబుతూ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయేది. పిల్లలు దాన్ని ఫొటో తీసి ఒకరికొకరు పంపుకున్నారు. గోవిందరాజన్ ఫోన్ చేసి, పరీక్షలు దగ్గర పడ్డాయి మేడం, ఇంకొకసారి తెగితే బ్యాచ్ వేరేవాళ్లకు ఇవ్వక తప్పదు అన్నాడు.

మర్నాడు ఇడ్లీల దగ్గర అందరూ ఉన్నప్పుడు ఆమె కదిపింది.

"అన్నా, సాయంత్రం ఒక గంట నాకు మురై ఇవ్వండి. ఆ గంట ఎవరూ టీవీ వెయ్యకూడదు. మిగతా పొద్దులో కూడా, చూడనప్పుడు నిలిపెయ్యండి."

"డేటా తీరేది నీ వీడియోతోనే అమ్మిణీ" అన్నాడు వరదరాజ చట్నీ వేసుకుంటూ.

"ఇంకా పెద్ద స్పీడు ప్లాన్ వేసుకుంటే అంతా సరి అవుతాది అక్కా" అన్నాడు బాలాజి.

"స్పీడు ఎవరికి కావాల తంబీ? నా క్లాసుకు సన్నంగా వచ్చినా చాలు, తెగకుండా రావాల. మీరిద్దరూ చూడని సినిమాకు ఎంత స్పీడు తెచ్చి పోసినా బేగి తీరేదే తప్ప మిగిలేది ఉండాదా?"

మాట సూటిగా తగిలింది. ఇద్దరూ కాసేపు ఇడ్లీల మీద శ్రద్ధ పెట్టారు. చివరికి వరదరాజ చెయ్యి కడుక్కుంటూ తేల్చేశాడు. "మురై అనేది నేలకు. మనిషికి కాదు. నేల ఉండేవాళ్లకే మురై. నిన్న నేను పెట్టినదా ఇది?"

తల్లి నాచ్చియార్ వంటింటి గడప దగ్గర నిలబడి, "సర్దుకో అమ్మిణీ" అంది. ఆ ఇంట్లో ఆమె పలికే మాటల్లో సగం ఈ ఒక్క మాటే.

శ్రీమతి సర్దుకోలేదు. తన పేరున వేరే లైను కావాలని కంపెనీకి ఫోన్ చేసింది. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని మురుగన్ అనే మనిషి వచ్చాడు. వరదరాజ గేటు దగ్గరే ఆపాడు. తన కరివేపాకు మీదుగా తీగ దాటకూడదన్నాడు. మురుగన్ ఆమె మొహం ఒకసారి, ఆయన మొహం ఒకసారి చూసి బండి తిప్పుకున్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఇంటి దగ్గర ఫోన్లో మాట అందుతుంది గాని నెట్ అందదు. సాయంత్రం స్కూటీ వేసుకుని కారమడై బజారుకు వెళ్లి, ఒక బేకరీ బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లోనే పాఠం చెప్పింది. ఒక పక్క టీ గ్లాసుల మోత, ఇంకో పక్క బస్సుల హారన్లు. అయినా చెప్పింది. పిల్లలూ విన్నారు. పాఠం సగంలో ఉండగా ఫోన్లో ఆ రోజుకు ఇచ్చిన డేటా అయిపోయింది. పక్క బెంచీ ఆయన్ని అడిగి ఆయన ఫోన్ నుంచి నెట్ తీసుకుని మళ్లీ కలిసేసరికి పిల్లలు వెళ్లిపోయారు. గోవిందరాజన్ మెసేజ్ మాత్రం ఉంది. ఆమె చెప్పే రెండు బ్యాచుల్లో ఒకటి పోయింది. ఇంకొకటి మిగిలింది, అదీ ఈ వారం చూసి చెబుతానన్నాడు.

ఆమె ఏడవలేదని చెప్తే అబద్ధం. బేకరీ వెనక్కి వెళ్లి ఏడ్చింది. మొహం కడుక్కుని ఇంటికి వచ్చేసరికి అన్నదమ్ములు వసారాలో కూర్చుని ఉన్నారు. లోపల చానెల్ ఎవరి కోసమో పాడుతోంది. శ్రీమతి చెప్పులైనా విప్పలేదు.

"అన్నా, మురై నేలకు అన్నారు కదా. ఒప్పుకుంటిని. నాయన పేరునే ఇంకా ఉండే నేలలో నా పంగు, నాకు రావాల్సిన భాగం, కొలిచి ఇచ్చేయండి. నా మురై నేను వాడుకుంటాను. నా నేల మీద తీగ కూడా నేనే లాగుకుంటాను."

బాలాజి లోపలికి వెళ్లి టీవీ ఆపేశాడు. ఆ ఇంట్లో ఎవరూ చూడని టీవీని ఒకరు ఆపడం అదే మొదలు.

"వైఫైకి సొత్తు అడిగేదా?" వరదరాజ గొంతు పైకి పోయింది. "ఊరు నవ్వదా?"

"నేను వైఫై మాత్రమే అడిగినాను అన్నా. నేల మాట తెచ్చింది మీరు."

వరదరాజ తనే లోపలికి వెళ్లి, రూటరు తీగతో సహా ఊడబెరికి తెచ్చి చెల్లెలి ఎదుట బల్ల మీద పెట్టాడు. "ఇంద. పొద్దూ మాపూ నువ్వే వాడుకో. ఎవరూ తాకరు. సొత్తు మాట విడిచిపెట్టు."

ఆ రోజు ఇడ్లీల దగ్గర ఇందులో ఒక గంట ఇచ్చి ఉంటే ఆమె జన్మంతా ఆ అన్నను తలుచుకుని ఉండేది. ఇప్పుడు ఆ పెట్టెను చూస్తే ఆశ కూడా కలగలేదు.

"మీరు ఇచ్చింది మళ్లీ మీరే ఎత్తుకుంటారు" అంది. "ఇచ్చేది నాకు వద్దు. నాది నాకు కావాల. సర్వేయరు ఎప్పుడు వస్తాడో చెప్పండి."

వరదరాజ తల్లి వైపు తిరిగాడు. ఇలాంటి వేళ ఆమె ఏమంటుందో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాచ్చియార్ గడప దాటి వచ్చి, పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఎన్నడూ కూర్చోని వసారా కుర్చీలో కూర్చుంది.

"వరదా, సర్వేయరు వస్తే నా పంగు కూడా కొలవమను" అంది.