జూనియర్ గాయని సొంత గొంతు

కరోనా సద్దుమణిగిన ఏడాది నేను తెనాలి ప్రభుత్వాసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో సివిల్ సర్జన్‌ని, అంటే ఆ విభాగానికి పెద్దని. పాటల మీద అభిప్రాయాలు నాకు వైద్యం కంటే ముందే వచ్చాయి. పాత పాటను ఉన్నదున్నట్టు దించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఫోనులో అసలు ఉండగా నకలెందుకు?

రేపల్లె నుంచి నిర్మల వచ్చింది. భర్త ఆర్కెస్ట్రా నడుపుతాడు, ఆవిడ అందులో గాయని. బాపట్ల దాకా పెళ్ళి ఫ్లెక్సీల మీద ఆవిడ పేరుండదు. ఒక పెద్ద గాయని పేరుకు ముందు 'జూనియర్' అని ఉంటుంది, అంతే. ఇప్పుడు పై స్వరం దగ్గర గొంతు చీలి గాలి వస్తోంది.

కెమెరా ఉన్న సన్నని గొట్టం పెట్టి చూశాను. పార పట్టిన చేతికి కాచినట్టు స్వరతంత్రులు రెండింటికీ కాయలు కాచాయి. మాఘమాసం ముహూర్తాలొస్తున్నాయి, ఆపరేషన్ చేసి పంపండని భర్త తొందరపెట్టాడు. లేకపోతే ఇంకో జూనియర్‌ని వెతుక్కోవాలని ఆవిడ ఎదుటే అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అలాగే పాడితే కోసినా మళ్ళీ కాస్తాయి, కొన్నాళ్ళు నోరు మెదపకూడదు, గుసగుసలు కూడా వద్దు, వాటికీ తంత్రులు బిగుస్తాయని చెప్పి పంపాను.

వాపు తగ్గి మళ్ళీ వచ్చినప్పుడు, ఒక పాట సొంత గొంతుతో పాడమన్నాను. ఆవిడ బిత్తరపోయింది.

"నా గొంతంటే ఎలా ఉంటుందండీ డాక్టరుగారూ? పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ గొంతే కదండీ."

పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతుతో అందుకోమన్నాను. అందుకుంది. శ్రుతి బాగా కిందికి దిగింది. గొంతులో కాస్త బరువుంది, కాస్త గరుకుంది, ఎక్కడా చీలలేదు. జనం ఒప్పుకోరు సార్ అన్నాడు భర్త. ఎందుకొప్పుకోరో నేనూ చూస్తానన్నాను.

ఫాల్గుణంలో పెనుమూడిలో ఒక పెళ్ళికి పిలిచారు, వెళ్ళాను. స్టేజి మీద వాళ్ళే. మైకులో జూనియర్ అనకుండా, నిర్మల అని భర్తే చెప్పాడు. ఆయన బెరుకు నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ కింది శ్రుతిలో మొదలుపెట్టింది. భోజనాల బంతిలో నా పక్కనున్న పెద్దావిడ పప్పన్నం కలుపుతూ చెయ్యాపింది.

"ఈ పాట చాలాసార్లు విన్నానయ్యా. ఈ గొంతు ఎప్పుడూ వినలేదు. ఎవరమ్మాయి?"

ఎంత పాడారన్నదే కాదు, ఎవరిలా పాడుతున్నారన్నదీ గొంతుకు కాయలు కాయిస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ గాయని వచ్చినా ముందు సొంత పేరు చెప్పించుకుని, అప్పుడు నోరు తెరవమన్నాను.