బెంగుళూరు ఆవిరి బుట్టలు, మా బావి వంతు

చీనావాళ్ళ హోటల్లో తినాలని ఆశ పుట్టి నేను బెంగుళూరు పోలేదు. పెనుకొండ పక్కన మా ఊళ్ళో ఉన్న బావి కోసం పోయాను. మా నాయన, చిన్నాయన కలిసి తవ్వించిన బావి అది. ఎద్దులు తోలు బాన లాగి నీళ్ళు పోస్తే రెండు వైపుల పొలాలూ తడిసేవి. పెద్దవాళ్ళిద్దరూ పోయాక చిన్నాయన కొడుకు రామప్ప, నీకు ఇందులో వంతే లేదు, హిందూపురం బెల్లం మండీలో తూకాలు వేసుకో పొమ్మన్నాడు. వారంలో సగం నాదని నేనన్నాను. కాగితం లేదు. అన్నదమ్ములు నోటిమాటగా వంతులు వేసుకున్ననాడు అక్కడున్నవాళ్ళలో బతికున్నది ఒక్కడే, మిలిట్రీ నాగన్న. తీర్పు చెప్పాల్సింది మా అక్క మొగుడు కొండప్ప బావ. ధర్మవరంలో మగ్గాలు పెట్టి పట్టుచీరలు నేయిస్తాడు. ఆయన మాటంటే నాకూ రామప్పకూ ఇద్దరికీ గురి.

చిక్కు సాక్షి దగ్గర వచ్చింది. నాగన్న యుద్ధంలో సింగపూరు దాకా పోయి వచ్చాడు. అక్కడ తెల్లారగానే మాంసం కూరిన పిండి ఉండలను వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికిస్తారని, పాలూ చక్కెరా లేని టీతో తింటారని, టీ పోసినవాడికి దండం పెట్టడానికి బల్ల మీద వేళ్ళతో కొడతారని వచ్చిన నాటి నుంచీ చెబుతున్నాడు. ఊరు ఆయనకు కోతల నాగన్న అని పేరు పెట్టింది. చక్కెర లేని టీ తాగే మనుషులున్నారని చెప్పేవాడి మాట మీద బావి ఎట్లా పంచేదని బావ తేల్చేశాడు. ఇక నా మాటంటారా, సినిమావాళ్ళు వచ్చారని చెప్పి సగం ఊరిని మిట్టమధ్యాహ్నం పెనుకొండ కొండెక్కించినవాణ్ణి. నా మాట మా ఇంట్లోనే చెల్లదు.

అట్లాంటి తిండి బెంగుళూరు కంటోన్మెంట్‌లో దొరుకుతుందని నేను పనిచేసే మండీకి వచ్చే లారీ డ్రైవరు చెప్పాడు. ఆ పూటే తీర్మానించుకున్నాను. బావను తీసుకుపోయి ఆయన కళ్ళముందు ఆ బుట్ట మూత తీయిస్తాను. అప్పుడు నాగన్న నిజం పలికేవాడవుతాడు, నాకు నీళ్ళొస్తాయి. పంచాయితీలో ఏం చెప్తావన్నా అని నాగన్నను కదిపితే, అడగాల్సినవాడు అడిగితే చెప్తాలే అన్నాడు. నా వంతు ఉందా లేదా అంటే ఉందని తల ఊపాడు. అది చాలనుకున్నాను.

ధర్మవరంలో తెల్లవారుజామున రైలెక్కితే పెనుకొండ, హిందూపురం మీదుగా మధ్యాహ్నానికి బెంగుళూరు సిటీ స్టేషను చేరుతుంది. ఒక శనివారం బావ ధర్మవరంలో, నాగన్న పెనుకొండలో, నేను హిందూపురంలో ఎక్కాం. ముందే అనుకున్నట్టు అందరం ఇంజను వెనక మూడో పెట్టెలోనే. హిందూపురం నుంచి మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల చిల్లర. అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ గౌరిబిదనూరు రాకముందే అయిపోయాయి. ఆపైన బావ నాగన్నను కోర్టులో ప్లీడరులాగా తగులుకున్నాడు. బుట్ట ఎందుకు కాలదు, పిండి బుట్టకు ఎందుకు అంటుకోదు అని ఒకటే ప్రశ్నలు. అడుగున ఆకు వేస్తారని నాగన్న ఓపికగా చెప్పాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆకు కూడా వేసినాడు చూడు అన్నాడు.

స్టేషను ముందు జట్కా మాట్లాడుకున్నాం. కంటోన్మెంటుకు రూపాయి అడిగాడు, ముప్పావలాకు దిగాడు. చీనా హోటలు అనగానే బండివాడు వెనక్కి తిరిగి, చీనావాళ్ళ దగ్గర బూట్లు కుట్టించుకుంటారు, పళ్ళు కట్టించుకుంటారు, తినడానికి పోయేవాళ్ళను మిమ్మల్నే చూశానని కన్నడంలో అని నవ్వాడు. హోటలు బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో ఉంది. గల్లాపెట్టె దగ్గరున్న యువకుడు నా మాట పూర్తిగా వినకుండానే, బుట్టలూ లేవు ఉండలూ లేవు, బోర్డు మీద ఉన్నదే తినండి అన్నాడు.

బావ నాగన్న వైపు ఒక చూపు చూసి కండువా దులుపుకున్నాడు. ఆ దులుపుడే తీర్పు. నాగన్న మెట్టు మీద కూలబడి తలపాగా విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సాయంత్రం రైలుకే పోదాం పదండని బావ తొందరపెట్టాడు.

నేను మాత్రం హోటలు వెనక్కి నడిచాను. వంటింటి గుమ్మం దగ్గర ఎండలో బోర్లించిన వెదురు బుట్టలు కనిపించాయి. పక్కనే ఒక ముసలి చీనా వంటమనిషి చేపలు కడుగుతున్నాడు. సగం ఉర్దూ, సగం సైగలతో అడిగాను. అవి ఆదివారం పొద్దున మాత్రమే, అదీ మా వాళ్ళ కోసమే అన్నాడు. సింగపూరు నుంచి వచ్చినాయన మీ చేతి ముద్ద కోసం మెట్టు మీద కూర్చుని ఉన్నాడని చెప్పాను. వచ్చి పదేళ్ళకు పైనే అయిందని చెప్పలేదు, అంతే. రమ్మన్నాడు.

ఆ రాత్రికి చిక్కపేట వైపు ఒక సత్రంలో దిగాం. బావ రైలుకు పోతానంటే పోతానన్నాడు గానీ ఆయన చెప్పులు కనపడలేదు. పొద్దున నా సంచిలో దొరికాయి.

ఆదివారం తలుపు తీసేసరికే వెనక హాలులో చీనా సంసారాలు పిల్లాజెల్లాతో నిండిపోయి ఉన్నాయి. బల్ల మీద రెండేసి పుల్లలు పెట్టారు. ఇవేంటికప్పా ఓబులేసూ అని బావ నన్నడిగాడు. తిన్నాక పళ్ళు కుట్టుకోవడానికి అన్నాను. మూర పొడుగు పుల్లను ఆయన నోటి దగ్గర పెట్టి చూసుకుంటుంటే పక్క బల్ల పిల్లలు పడీపడీ నవ్వారు. నాగన్న నిజం పదేళ్ళుగా నమ్మనివాడు నా అబద్ధం అరక్షణంలో నమ్మాడు.

బుట్టలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి, నాలుగు. మూత తీయగానే ఆవిరి బావ ముఖాన కొట్టింది. లోపల తెల్లగా, పట్టుగూళ్ళంత నున్నగా ఉండలు, అడుగున క్యాబేజీ ఆకు. బావ ఆకును గోటితో ఎత్తి చూసి, తిరిగి పెట్టాడు. తర్వాత ఒక ఉండను నల్లటి పులుసులో అద్ది, రాగి సంగటి మింగినట్టు గుటుక్కున మింగాడు. మన పక్క సంగటిని నమలరు కదా, నమిలేవాణ్ణి చూసి నవ్వుతారు. ఈ ఉండ కడుపులో మాత్రం సలసల కాగే మాంసపు రసం ఉంది. ఆయన కళ్ళు బయటికొచ్చాయి, చెవులు ఎర్రబడ్డాయి, చెయ్యి గాలిలో దేన్నో వెతికింది.

"కొరకాల కొండన్నా, మింగకూడదు," అన్నాడు నాగన్న.

"ఆ మాట రైల్లో చెప్పాల్సింది."

"రైల్లో నువ్వు నన్ను చెప్పనిస్తివా?"

ముసలి వంటమనిషే కెటిల్ తెచ్చి టీ పోశాడు. నాగన్న రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తట్టాడు. ముసలాయన పోయడం ఆపి ఆయన ముఖంలోకి చూసి, తమ భాషలో ఏదో అడిగాడు. నాగన్న రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. ముసలాయన పోయి ఇంకొక బుట్ట తెచ్చి పెట్టాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. బావ ఆ టీ తాగి, ముఖం చిట్లించి, మళ్ళీ తాగాడు.

కడుపు నిండాక ఆయన చేతులు తుడుచుకుని కుర్చీలో సర్దుకున్నాడు. "ఇప్పుడు చెప్పు నాగా. బావి కాడ మా మామోళ్ళు ఏమనుకున్నారు?"

నేను మూడో బుట్టలో చివరి ఉండ నోట్లో పెట్టుకుని ధీమాగా కూర్చున్నాను.

"వారంలో రెండు దినాలు ఈ ఓబులేసు నాయనకి. ఐదు దినాలు తమ్మునికి," అన్నాడు నాగన్న. "తమ్మునికి పొలం జాస్తి, తవ్వేటప్పుడు ఎద్దులూ వానివే. పెద్దాయనే రెండు చాలన్నాడు. నేను ఆడే ఉండాను."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

"కాలు తొక్కినా రెండే అబ్బా."

బావ నన్ను చూశాడు, నాగన్నను చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "బుట్టలు చూసి నేను నమ్మలేదప్పా," అన్నాడు. "బుట్టలు నిజమైతే బావి మాట నిజం కావాలని యాడుండాది? తింటాండేది వీని కూడు, చెప్తాండేది వీనికి ఎదురు. ఇప్పుడు నమ్ముతాండా. రెండు దినాలు. రామప్పకు నేను చెప్తా."

తిరుగు రైల్లో హిందూపురంలో దిగకుండా నేనూ పెనుకొండ దాకా పోయాను. బావ కూడా అక్కడే దిగి, రామప్పను స్టేషనుకే పిలిపించి ప్లాట్‌ఫారం మీదే సంగతంతా చెప్పాడు. రెండు దినాలైనా ఎందుకియ్యాలని రామప్ప కాసేపు ఎగిరాడు. ఐదు దినాలు నీవని చెప్పింది కూడా ఈ నోరే, కావాలంటే రెండు మాటలూ తీసుకో, వద్దంటే రెండూ వదులుకో అన్నాడు బావ. రామప్ప ఐదు దినాలనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే మా పొలంలో నీళ్ళు పారాయి.

సగం కావాలని పోయినవాణ్ణి రెండు రోజులతో వచ్చానని కొన్నాళ్ళు కడుపు మండింది. తర్వాత గట్టు మీద కూర్చుని కాలువలో నీళ్ళు చూస్తుంటే లెక్క వేరేగా తోచింది. రెండు చాలన్నది మా నాయనే. ఆ రెండు దినాల నీళ్ళతోనే ఆరుగురం పెరిగాం, తక్కువైందని ఆయన నోట ఒక్కనాడూ వినలేదు. ఆ మనిషి మాటను నేను మూడున్నర దినాలకు సాగదీయబోయాను. సాగనివ్వనివాడు దొరకడం నా అదృష్టమో ఖర్మో మీరే తేల్చుకోండి. ఇక మీరు పోయేటట్టయితే ఒక్క మాట: ఆదివారం తొమ్మిది కొట్టకముందే పోయి, కోడిదో రొయ్యలదో కావాలని ముందే గట్టిగా చెప్పండి. ఆలస్యమైతే మిగిలేది పందిది. అది తిన్నారని తెలిశాక ఇంట్లో జరిగేదానికి నా పూచీ లేదు.