చెప్పిన రోజుకే వచ్చిన దొంగ

నేను జీవితంలో ఒక్కసారే ఒక మనిషి మీద గట్టిగా అరిచాను. అందుకోసం ఎనిమిది నెలలు సాధన చేశాను. డైరీలో మూడు ముసాయిదాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసుకున్నాను. తీరా అరిచే రోజు వచ్చేసరికి, ఈ భూమ్మీద ఎవరి మీద అరవకూడదో సరిగ్గా ఆయన మీదే అరిచాను. ఆ ఒక్క అరుపుతో నా కొంపతో పాటు మరో నలభై కొంపలు ముంచాను. ఎలా ముంచానో చెబుతాను, నవ్వండి, పరవాలేదు. ఎదురుగా నిలబడి మాత్రం నవ్వకండి. ఎటు చూడాలో నాకు తెలియదు.

ముందు నా నోటి సంగతి చెప్పాలి. మాది మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే దారిలో ఒక ఊరు. చిన్నప్పుడు కిరాణా కొట్టుకు సబ్బు కోసం వెళ్లేదాన్ని. కొట్టాయన "ఏం గావాలె బిడ్డా?" అనగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఏదో ఒకవైపు వేలు చూపించి, ఆయన ఏదిస్తే అది తెచ్చుకునేదాన్ని. ఆ విధంగా మా ఇంట్లో రెండేళ్లకు సరిపడా ఎలుకల మందు పోగైంది. ఎలుకలు వలస పోయాయి, మేం మాత్రం సబ్బు లేకుండానే ఉన్నాం.

పెద్దయ్యాక ఆ జబ్బు తగ్గలేదు, చదువుకుంది అంతే. బీటెక్ అయ్యాక మొదటి ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అన్నారు. "రాసిస్తానండి" అన్నాను. అంతటితో ఆ కంపెనీకీ నాకూ సంబంధం తెగిపోయింది.

మా అమ్మ అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టులో వంట చేస్తుంది. ఒకరోజు పెద్ద నిధి దొరికినట్టు పరుగున వచ్చింది.

"మా దగ్గర రిసెప్షన్ల నౌకరి ఖాళీ ఉన్నదే. కుర్చీల కూసోవాలె, వచ్చినోళ్లకు నమస్తే చెప్పాలె. గంతే."

"ఎంతమంది వస్తరమ్మా?"

"ఐతారం నాడైతే రెండొందల మంది."

రెండు వందల నమస్తేలు! నాకు కళ్లు తిరిగాయి. నా లెక్కన అది నా ఇరవై మూడేళ్ల మొత్తం సంభాషణ.

ఆ కంగారులోనే నేను మార్గం కనిపెట్టాను. నోరు తెరవకుండా సంపాదించే పని ఏదైనా ఉందా అని వెతుకుతుంటే, క్రిప్టో నాణేల మైనింగ్ యంత్రం కనిపించింది. చెప్పుల డబ్బా కంటే కాస్త పెద్దది. కరెంటు పెట్టి ఓ మూలన ఉంచితే, రోజంతా లెక్కలు చేసుకుంటూ, కంప్యూటర్లలో మాత్రమే ఉండే నాణేలను అదే సంపాదించి పెడుతుందట. ఎవరికీ నమస్తే చెప్పనక్కర్లేదు. నాకు తగ్గ సంబంధం దొరికినంత సంతోషం కలిగింది. కాలేజీలో తోటివాళ్ల ల్యాబ్ రికార్డులు రాసిపెట్టి దాచుకున్నదంతా ఊడ్చి ముందస్తుగా కట్టేశాను. నలభై అయిదు రోజుల్లో పంపిస్తామన్నారు.

మా బాపు కొత్తిమీర పండించి మెహిదీపట్నంలో అమ్ముతాడు. ఆయనకు సంగతి చెప్పాను.

"మైనింగ్ అంటే తవ్వుడు గదనే. యాడ తవ్వుతది? బోరు పక్కపొంటి తవ్విందంటె ఊకోను, ముందుగాల్నే చెప్తున్న."

"తవ్వదు బాపూ. లెక్కలు చేస్తది."

"లెక్కలు చేస్తె పైసలెవలిస్తరే? నువ్వు పదారేండ్లు చేసినవ్. ఒక్కడన్న ఇచ్చిండా?"



అమ్మ మాత్రం ఒప్పందం ఖరారు చేసింది. "దసరా దాంక చూస్త. గా డబ్బ వచ్చిందా, నీ ఇష్టం. రాలేదా, పండుగ తెల్లారి నువ్వు కుర్చీల కూసోవాలె."

నలభై అయిదు రోజులు గడిచాయి. యాభై అయిదు గడిచాయి. డబ్బా లేదు. గుండె చిక్కబట్టుకుని కంపెనీకి ఫోన్ చేశాను. ఎవరో భాయ్ ఎత్తాడు. నేను "మిషన్..." అన్నాను. అంతకు మించి రాలేదు. ఆయనకు అలవాటేమో, మిగతా వాక్యం ఆయనే పూరించుకున్నాడు.

"పర్సోం ఆజాతా మేడమ్! పర్సోం!"

ఎనిమిదో తరగతి హిందీ వాచకం నాకు కంఠస్థం. పర్సోం అంటే ఎల్లుండి. రెండు రోజుల తర్వాత తెల్లవారే లేచి, మూల ఊడ్చి, పసుపు బొట్టు పెట్టి, గేటు దగ్గర కూర్చున్నాను. కొత్తిమీర కొనేవాళ్లు వచ్చారు. పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. డబ్బా రాలేదు. మళ్లీ ఫోన్. "పర్సోం మేడమ్, పక్కా." మళ్లీ మూల ఊడ్చాను. అలా పదిసార్లు. ఇంట్లో అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు.

పదకొండోసారి నేను చీపురు పట్టుకోగానే బాపు ఆపాడు.

"ఏమన్నడే గాయన?"

"ఎల్లుండి అన్నడు బాపూ."

"ఎల్లుండి అన్నడా, పర్సోం అన్నడా?"

"పర్సోం."

బాపు తువ్వాల దులిపి, నాకు కొత్త వ్యాకరణం నేర్పాడు. "ఓ పిచ్చిదాన, పట్నంల పర్సోం అంటే ఎల్లుండి గాదు. మొన్న వడ్డ వాన పర్సోం. పోయినేడు పోయిన కరెంటు పర్సోం. నా లగ్గమైంది ఎప్పుడు? మా మార్కెట్ సేఠ్ మొన్న అందరి ముందట, 'అరే, ఇస్కీ షాదీ పర్సోం హీ తో హుయీ' అన్నడు. ఇయ్యాల గాకుంటె సాలు, ముందటిదైనా ఎనుకటిదైనా అన్నీ పర్సోమే."

ఆ రోజు హిందీ వాచకాన్ని అటక మీద పడేశాను. నమ్మకాన్ని కూడా.

నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని అప్పుడే తెలిసింది. వాట్సాప్‌లో 'మిషన్ ఎక్కడ?' అని ఒక గ్రూపు. నాతో కలిపి నలభై రెండు మంది, అందరూ అదే కంపెనీకి ముందస్తు కట్టి గేట్ల దగ్గర కూర్చున్నవాళ్లే. ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. నేను నోటితో పిల్లినే కానీ, రాతలో పులిని. కంపెనీ వాళ్లు గోదాములో డబ్బాలున్నాయని ఉగాదికి ఒక ఫోటో పంపారు, బోనాలకు ఇంకొకటి పంపారు. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఇలా రాశాను: "మిత్రులారా, రెండు ఫోటోల్లోనూ డబ్బాల మీద ఒక పిల్లి ఎడమ కాలు ఎత్తి నాక్కుంటున్నది. ఉగాది నుంచి బోనాల దాకా కాలు దించని పిల్లిని మీరెక్కడైనా చూశారా?"

గ్రూపు దద్దరిల్లిపోయింది. సాయంత్రానికి నన్ను అడ్మిన్ చేశారు. నా పేరు చోట ఒక చుక్క, ఫోటో చోట గులాబీ ఉండేవి. అంత ధాటిగా రాసేది ఆడపిల్ల అని ఎవరికీ తోచలేదు. అందరికీ నేను 'అడ్మిన్ అన్న'ని. శంకర్‌పల్లిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఉండేవారు. అరవై దాటిన మనిషి. ఆయన కూడా "అన్నా, నువ్వు చెప్పినట్టే నడుచుకుంటాం" అని రాసేవారు. దిద్దుదామని వేలు పెట్టేదాన్ని, సిగ్గేసి తీసేసేదాన్ని.

అడ్మిన్ అన్నగా నేను కొన్ని శాసనాలు చేశాను. కంపెనీ ఏది చెప్పినా అబద్ధమే. ఓటీపీ అడిగితే దొంగ. డబ్బా తెరిచి చూపిస్తానంటే ఇంకా పెద్ద దొంగ, లోపల ఇటుక ఉంటుంది. వీటిని గ్రూపులో చాలామంది కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నారని తర్వాత తెలిసింది.

దసరాకు నాలుగు రోజులుందనగా ఫోన్ మోగింది. భాయే.

"మేడమ్, ఇస్ బార్ పర్సోం మత్‌లబ్ పర్సోం!"

ఈసారి పర్సోం అంటే నిజంగా పర్సోమేనట! మనసులోనే నవ్వుకున్నాను. నోటితో ఎలాగూ నవ్వలేను.

సరిగ్గా రెండు రోజుల తర్వాత పొద్దున పదింటికి మా గేటు ముందు ఒక చిన్న వ్యాను ఆగింది. పాఠకులారా, ఇప్పుడు నా బుద్ధి ఎంత వేగంగా, ఎంత చక్కగా, ఎంత తప్పుగా పనిచేసిందో గమనించండి. ఆ కంపెనీ ఎనిమిది నెలల్లో చెప్పిన రోజుకు ఒక్కసారీ రాలేదు. ఈ వ్యాను చెప్పిన రోజుకే వచ్చింది. కాబట్టి ఇది ఆ కంపెనీది కాదు. కాబట్టి దొంగ! న్యాయశాస్త్రంలో కూడా ఇంత బిగువైన వాదన ఉండదని అనుకున్నాను.

డెలివరీ అన్న దిగాడు. చెమటలు కక్కుతూ డబ్బా దించి, "అక్కా, మీ పార్సిలొచ్చింది. జర ఓటీపీ చెప్పవా?" అన్నాడు.

ఓటీపీ! రెండో శాసనం నిజమైంది. గది లోపలికి పరిగెత్తి డైరీ తెచ్చాను. మూడో ముసాయిదా తీశాను. కళ్లు మూసుకుని, గాలి పీల్చుకుని, ఎనిమిది నెలల గొంతు ఒక్కసారిగా వదిలాను.

"ఓయీ వంచక శిఖామణీ!"

కొత్తిమీర మడిలో బాపు లేచి నిలబడ్డాడు. ఎదురింటి వాళ్లు తలుపు తీశారు.

డెలివరీ అన్న అటూ ఇటూ చూసి, ఫోన్‌లోకి తొంగిచూశాడు. "శిఖామణి అనేటాయన ఎవలక్కా? దీని మీద నీ పేరే ఉన్నది."

"విశ్వాసఘాతకుడా! అమాయకుల ఆశలతో ఆడుకునే అధముడా!"

"నేను ఆడుకుంటలేనక్క, డ్యూటీల ఉన్న. ఓటీపీ చెప్తె పోత."

"చెప్పను!"

"సరే, తెరిచి చూపిస్తనాగు. సూసినంకనే చెప్పు."

"తెరుస్తావా! లోపల ఇటుక పెట్టి తెరుస్తావా!"

"ఇటుకా? ఇంత బరువు ఇటుక ఉంటదా? నా నడుము వోయింది తల్లీ."

బాపు పొలం గట్టు దాటి వచ్చాడు. "ఏందే లొల్లి? ఏం జేసిండు గాయన?"

"చెప్పిన రోజుకే వచ్చిండు బాపూ!"

బాపు ఆ నేరాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఎటూ తేల్చుకోలేకపోయాడు.

డెలివరీ అన్న చేతులు జోడించాడు. "అక్కా, ఆఖరిసారి అడుగుతున్న. తీసుకుంటవా, రిటర్న్ కొట్టాల్నా? కొడితె నా చేతుల ఉండదు మల్ల."

"కొట్టు!"

కొట్టాడు. వ్యాను వెళ్లిపోయింది. ఎదురింట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను వెంటనే గ్రూపులో రాశాను: "మిత్రులారా, నకిలీ డెలివరీ ముఠా తిరుగుతున్నది. గుర్తు: సరిగ్గా చెప్పిన రోజుకే వస్తారు. నేను తరిమికొట్టాను. మీరూ తరమండి." నలభై బొటనవేళ్లు పైకి లేచాయి.

ఆ సాయంత్రంలోగా నలభై ఇళ్ల ముందు నలభై వ్యాన్లు ఆగాయి, నలభై వ్యాన్లు వెనుదిరిగాయి. ఒకాయన కుక్కను వదిలాడట. నేను గర్వంతో అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున శంకర్‌పల్లి హెడ్మాస్టరు గారు గ్రూపులో ఒక వీడియో పెట్టారు. అందులో ఒక డబ్బా పిండిగిర్ని లాగా హోరుమంటోంది. దాని మీద ఆకుపచ్చ దీపాలు. కింద ఆయన రాశారు: "అన్నా, నిన్న నా ఫోన్‌లో ఛార్జింగ్ లేక నీ ఆదేశం చూసుకోలేదు. తీసేసుకున్నాను. క్షమించు. ఈ నకిలీ మిషన్ రాత్రి నుంచి బాగానే సంపాదిస్తున్నది. ఆపమంటావా?"

నేను ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాను.  

కాసేపటికి భాయ్ ఫోన్ చేశాడు. పాపం, గొంతు వణుకుతోంది. యంత్రాల్లో పెట్టే చిప్పులు నిజంగానే ఓడరేవులో ఇరుక్కుపోయాయట. అందరివీ ఒకే రోజు పంపాలని కష్టపడి పంపితే, అందరూ ఒకే రోజు వద్దన్నారట. తిరిగొచ్చిన డబ్బాలు అప్పటికే తర్వాతి వరుసలో ఉన్నవాళ్లకు వెళ్లిపోయాయి. మా పేర్లు వరుస చివర చేరాయి. "క్యోం మేడమ్? క్యోం?" అని, ఎందుకలా చేశామో చెప్పమన్నాడు. నేను "మిషన్..." అన్నాను. మళ్లీ అంతకు మించి రాలేదు.

మధ్యాహ్నానికి గ్రూపులోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. అందరూ పోయాక, నన్ను ఎవరో ఒక కొత్త గ్రూపులో చేర్చారు. పేరు: 'అడ్మిన్ అన్న బాధితులు'. పొరపాటున చేర్చారేమో అనుకుని బయటకు రాబోతుంటే ఒకాయన రాశాడు: "ఉండన్నా. మొదలు వాపస్ పంపింది నువ్వే గదా. ఈ గ్రూపుల అందరికంటె పెద్ద బాధితునివి నువ్వే."

సరే, ఇక దసరా. డబ్బా రాలేదు. కాదు, వచ్చింది, పోయింది. నాకు ఇంకా ఒక ఆయుధం మిగిలి ఉందనుకున్నాను. పండగ మర్నాడు అమ్మ ముందు తల వంచుకుని, ఎప్పటిలాగే గొణిగాను.

"నాకు మాట్లాడరాదు గదమ్మా. రిసెప్షన్ల ఎట్ల కూసోవాలె?"

అమ్మ తిరగమోత ఆపి నన్ను చూసింది. బాపు గుమ్మంలో కూర్చుని బీడీ వెతుక్కుంటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మాట్లాడరాదా?" అంది అమ్మ. "మొన్న నువ్వు మొత్తుకుంటె నేను రిసార్టుకాడ బస్సు దిగంగనే చెప్పిన్రు, మీ బిడ్డ ఎవన్నో శిఖామణిని తిడుతున్నదని. మూడూర్లకు వినవడ్డదట."

"గంత గొంతు పెట్టుకొని ఇన్నేండ్లు దాసినవేందే!" అన్నాడు బాపు, నిజంగానే ముచ్చటపడుతూ. "మార్కెట్ల నాకు అక్కెరకు వస్తుండె గదా."

మీకు ఈ సంగతి రాస్తున్నది ఆ కుర్చీలోంచే. ఇవాళ ఆదివారం. ఇప్పటికి నూట ముప్పై నమస్తేలు అయ్యాయి. ఇంకో డెబ్బై ఉన్నాయి.

అందుచేత, సకల పాఠకుల సాక్షిగా, ఈ రిసెప్షన్ బల్ల మీద ఉన్న గంట మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై డబ్బా మోసుకొచ్చిన ఏ మనిషినీ, డబ్బా విప్పి చూసేదాకా తిట్టను. విప్పి చూశాక లోపల నిజంగా ఇటుకే ఉన్నా సరే, ముందు ఆయనకు నమస్తే చెప్పి, కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి, అప్పుడు రాసిస్తాను.