దుంపలకిచ్చిన గది

గాయం మానడానికి ఏం కావాలో ఆ ఇంట్లో తమ్ముడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తవ్వేటప్పుడు చిలగడదుంపకు గీత పడితే, ఆ గీత మీద కొత్త తొక్క కట్టేదాకా దానికి వెచ్చదనమూ చెమ్మా కావాలి. అప్పుడే అది చలికాలమంతా కుళ్లకుండా నిలుస్తుంది. పెరటి మడిలోంచి తీసిన ప్రతి దుంపనూ అతడు పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తేవాడు. అంత ఒడుపూ ఓర్పూ ఉన్నవాణ్ణి మంచివాడనుకోవడం సులభం. అతని అక్కయ్య చాలా ఏళ్లు అలాగే అనుకుంది.

ఆమె బట్టలు కుట్టి బతికేది. వంటింటి పొయ్యి గోడకు ఆనుకున్న చిన్న గది ఆమెది. ఇల్లంతటికీ వెచ్చగా ఉండేది అదొక్కటే. ఏటా తవ్వకం అయ్యాక ఆ గదిలోకి దుంపల బుట్టలు చేరేవి, గోడలకు తడి గోనెలు వేలాడేవి, ఆమె మంచం వసారాలోకి వచ్చేది. ఈసారి ఆమె జ్వరంతో ఉంది.

“ఈ ఒక్క ఏడూ నన్ను కదపకురా,” అంది, దగ్గు ఆపుకుంటూ.

“ఎన్నాళ్లుంటాయే అక్కయ్యా, వారమో పది రోజులో! నువ్వంటే దుప్పటి కప్పుకోగలవు. అవి కప్పుకోలేవుగా.”

మరదలు కిసుక్కుమంది. “దుంపలు దగ్గితే మీ తమ్ముడికి నిద్ర పట్టదు వదినా. మీరు దగ్గితే మాత్రం దిండు చెవిమీద వేసుకుంటాడు.”

వసారాలో ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. దగ్గు రొమ్ములోకి దిగింది. కాళ్లావేళ్లా పడగా పడగా, తమ్ముడు గడువుకు ముందే బుట్టలను సామాన్ల గదిలోకి మార్చాడు. అందులో దయ లేదు, పీడ వదిలించుకునే విసుగే ఉంది.

గది తిరిగొచ్చింది. దగ్గు మాత్రం పోలేదు.

తమ్ముడు ఏటా వల్లించే మాటల్లో ఒకటి ఆమె మనసులో ఉండిపోయింది: దుంపకు చలి సోకితే పైకి ఏమీ కనబడదు; ఎంత ఉడికించినా లోపల రాయిలా ఉండిపోతుంది. మొగుడూ పెళ్లామూ బజారులోని తమ తాళాల దుకాణానికి వెళ్లగానే ఆమె సామాన్ల గది కిటికీ బార్లా తెరిచేది. మంచు గాలి బుట్టల మీదుగా పోతుంటే గుమ్మంలో కూర్చుని కుట్టుకునేది. ఆ గాలి తనకూ తగులుతున్నదని తెలిసీ లేచేది కాదు. వాళ్లు వచ్చేలోగా కిటికీ మూసేది.

ఒక సాయంత్రం తమ్ముడు కంచంలోని దుంపను కొరికి ఆగిపోయాడు.

“ఇదేమిటే, ఉడకబెట్టావా, ఊరికే నీళ్లు చూపించావా?”

“గంటసేపు పొయ్యి మీదే ఉంది! మీ పళ్లకేమొచ్చింది?”

అతడు గిన్నెలోంచి పొగలు కక్కుతున్న దుంపను గరిటెతో తీసి, భార్య అరచేతిలో పెట్టి, కండువా చుట్టి వేళ్లు మూసి నొక్కాడు. “నువ్వే చూడు, ఉడికిందేమో.” ఆమె కేక పెట్టింది. అక్కయ్య తల వంచుకుని తింటూనే ఉంది. జాలి కలగలేదు, కలగనందుకు ఆశ్చర్యమూ కలగలేదు.

తర్వాత అతడు కత్తి తీసుకుని మిగిలినవన్నీ చీల్చి చూశాడు. అన్నీ అంతే.

“నీ తప్పు కాదులే,” అన్నాడు భార్యతో. అతని క్షమాపణ అంతటితో సరి. “వీటికి చలి సోకింది. గాయాలు పూర్తిగా మానకముందే బయటికి తెచ్చేశాం, అక్కయ్య గోల పడలేక.”

మరదలు కాలిన చేతిని నీళ్లలో ముంచి పెదవి కొరుక్కుంది. “అయితే వచ్చే ఏడు చలి పోయేదాకా ఆ గదిలోనే ఉంచండి. వదినకు వసారా అలవాటేగా.”

“ఏమంటావే అక్కయ్యా?”

కిటికీ సంగతి చెబితే గది నిలుస్తుంది, ఇల్లు పోతుంది. ఆమె నోట్లోని గట్టి ముక్కను నమిలి నమిలి మింగింది.

“అలాగే కానీరా. మంచం చుట్టూ ఒక పరదా కుట్టుకుంటాను.”

“కుట్టుకో, మందంగా కుట్టుకో,” అన్నాడు తమ్ముడు, ప్రేమగానే. “ముందు బుట్టలకు కుట్టు. గుడ్డ మిగిలితే నువ్వు వాడుకో.”