ఎలిఫెంటా గుహలో మూడు చప్పట్లు

నేను బడిలో సైన్సు చెబుతాను. ధ్వని పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ పిల్లలతో చప్పట్లు కొట్టించి ప్రతిధ్వని అంటే ఏమిటో చూపిస్తాను. ఎవరైనా దయ్యం కబుర్లు మొదలుపెడితే, ఎక్కడుందో చూపించమని నోరు మూయించేదాన్ని. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఇది రాస్తున్నది ఆ మనిషేనని గుర్తుపెట్టుకోండి.

మా ఇల్లు నాంపల్లిలో. నాన్న ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడు. మధ్యాహ్నం అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళేది. మూసిన షాపుల ముందు ఏ వారం ఎక్కడ చోటు దొరికితే అక్కడ పరిచేవాడు కాబట్టి, ఆ జనంలో వెతుక్కోవాలి. పిలుద్దామంటే మొగుడి పేరు నోటితో అనదు మా అమ్మ. అందుకని నిలబడి రెండు చప్పట్లు కొట్టేది. ఏదో మూల నుంచి నాన్నవి మూడు బదులొచ్చేవి. రెండు వెంటవెంటనే, మూడోది కాస్త ఆగి. చిన్నప్పుడు వెంట వెళ్ళి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నాన్న పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి అమ్మ గడప దాటలేదు. పుస్తకాల మూటలు ముందు గదిలో అలాగే ఉన్నాయి. విప్పనివ్వదు, ఎవరికీ ఇవ్వనివ్వదు. నవ్వు సంగతి సరేసరి. ఆ మూటల పక్కన తనూ ఒక మూట అయిపోతుందేమోనని నా భయం.

నాన్న అమ్మకుండా దాచుకున్న పుస్తకం ఒకటుంది. ముంబై పక్కన సముద్రంలో ఉన్న ఎలిఫెంటా గుహల బొమ్మల పుస్తకం. తీసుకెళ్తానని అమ్మకు ఏళ్ళ తరబడి చెప్పాడు కానీ, ఆదివారం వదిలి ఎన్నడూ కదలలేదు. మొన్న సెలవుల్లో నేనే పోరిపోరి అమ్మను నాంపల్లి స్టేషన్లో రైలెక్కించాను. అమ్మ, నేను, నా ఎనిమిదేళ్ళ కూతురు చిట్టి.

లాంచీ ఎక్కగానే అమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది. సముద్రం చూడటం అదే మొదలు, ఇక మూయలేదు. దీవిలో మెట్లెక్కుతుంటే ఒక కోతి నా చేతిలోని మక్కకంకి లాక్కుని, నా ఎదుటే కూర్చుని దర్జాగా తింది. అమ్మ పక్కున నవ్వింది. రెండేళ్ళ తర్వాత ఆ నవ్వు. ఆ కోతికి ఇంకో కంకి కొనివ్వాలనిపించింది.

పెద్ద గుహలో చల్లగా, మసకగా ఉంది. వరసగా లావుపాటి స్తంభాలు, వెనక గోడకు మూడు తలల శివుడు. చిట్టి వీడియో తీస్తానని నా ఫోన్ తీసుకుంది. అమ్మకు శివుణ్ణి చూపించి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు.

పిలిచాను. జనం గోలలో నా గొంతు నాకే వినపడలేదు. ఆ స్తంభం వెనక చూశాను, ఈ స్తంభం వెనక చూశాను. అమ్మ మాత్రం ఉన్నచోటే నిలబడి, మా కోసం తెచ్చిన టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, రెండు చప్పట్లు కొట్టింది. జనంలో మనిషిని వెతకడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మూడు చప్పట్లు వచ్చాయి. రెండు వెంటవెంటనే. మూడోది కాస్త ఆగి.

నేను కొయ్యబారిపోయాను. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని లాగింది.

"మీ నాయన గాడున్నడు. పా."

చివరి స్తంభం వెనక, గోడవారన చిట్టి నింపాదిగా కూర్చుని ఉంది. చప్పట్లు వినపడ్డాయని, ఇక అమ్మమ్మ వస్తుందిలే అని కూర్చుందట.

సాయంత్రం ఆ వీడియో పదిసార్లు చూశాను. అమ్మ చప్పట్లు దూరంగా వినిపిస్తాయి. ఆ మూడూ ఫోన్ పక్కనే కొట్టినంత గట్టిగా ఉన్నాయి. చిట్టి కొట్టలేదు, దాని చేతులు రెండూ ఫోన్ మీదే ఉన్నాయి, బొమ్మ కొంచెం కూడా అదరలేదు. తర్వాత ఫోన్ చప్పుడొచ్చిన వైపు తిరిగింది. అక్కడ రాతిగోడ తప్ప మనిషి లేడు. ప్రతిధ్వని అందామా, రెండు కొడితే రెండే తిరిగి రావాలి. ఆ పాఠం చెప్పేది నేనే.

అమ్మకు ఈ ఆరాలేవీ పట్టలేదు. మధ్యాహ్నమే గుహ బయట నీడలో డబ్బా విప్పి మాకు పులిహోర పెట్టింది. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"తీస్కపోత తీస్కపోత అనుకుంట, మనకన్న ముందే వచ్చి కూసున్నడు సూడు."

ఇంటికొచ్చాక మొదటి ఆదివారమే మూటలు విప్పింది. ఇప్పుడు అబిడ్స్‌లో పుస్తకాలు పరిచేది అమ్మ, డబ్బా మోసేది నేను. సిగ్గు లేకుండా రెండు చప్పట్లు కొడతాను. మూడు బదులొస్తాయి, అచ్చం నాన్నలాగే. మూడో దాని ముందు ఎందుకు ఆగుతావని ఒకరోజు అడిగాను. ఇంత చదివి గింత తెల్వదా అన్నట్టు చూసింది.

"రెండు కొట్టి మీ నాయన తలెత్తి సూసేటోడు. నేను కండ్ల పడ్డంకనే మూడోది."

గుహలో కూడా మూడోది వచ్చింది. అది కొట్టింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను.